నాన్న సిటిజన్, కొడుకు ఇంకా కాదు: ఒక గ్రీన్ కార్డు కుటుంబం కేస్ స్టడీ

ఈ కుటుంబం అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. ఊళ్లు, ఉద్యోగ వివరాలు, కొన్ని నెలలు మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం ఉన్నదున్నట్టే ఉంది. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ లాయర్‌గా నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో ఈ చిక్కు ఏటా కనిపిస్తుంది. భర్త ఉద్యోగం కోసం ఇక్కడే ఉంటాడు. పెద్దవాళ్ల ఆరోగ్యం కోసమో పిల్లల చదువు కోసమో భార్య ఇండియా వెళ్తుంది. కొన్నేళ్లకు భర్తకు సిటిజన్‌షిప్ వస్తుంది, అప్పుడు మిగతావాళ్ల సంగతి ఏమిటనే ప్రశ్న లేస్తుంది. ఒకే ఇంట్లో తల్లి గ్రీన్ కార్డునూ కొడుకు పౌరసత్వాన్నీ చట్టం రెండు వేర్వేరు కొలతలతో కొలుస్తుంది. ఒకదాని కోసం వేసిన కాగితం రెండోదాన్ని దెబ్బతీయవచ్చు కూడా.

నేపథ్యం

భర్త హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద వచ్చాడు. అబ్బాయి ఇండియాలో పుట్టి, ఏడాది నిండకముందే తల్లితో పాటు, హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 మీద ఇక్కడికి చేరాడు. తర్వాత పుట్టిన పాప ఇక్కడే పుట్టింది కాబట్టి పుట్టుకతోనే సిటిజన్. ఉద్యోగం మీద వేసిన గ్రీన్ కార్డు ఇండియాలో పుట్టినవాళ్ల కోటా క్యూలో ఏళ్లకేళ్లు నలిగి, అబ్బాయికి పదకొండో ఏడు నడుస్తుండగా ముగ్గురికీ వచ్చింది.

రెండేళ్లు గడిచాయో లేదో, భర్త తల్లికి పక్షవాతం వచ్చింది. మామగారు అప్పటికే లేరు. ఆమెను చూసుకునే మనిషి ఊళ్లో లేకపోవడంతో కోడలే పిల్లలిద్దర్నీ తీసుకుని తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రానికి వెళ్లింది. ఆరు నెలలు అనుకున్నది నాలుగేళ్లకు చేరువైంది. అబ్బాయి అక్కడే పదో తరగతి పాసై, ఇంటర్ ఎంపీసీలో చేరి, జేఈఈ కోచింగ్ కూడా మొదలుపెట్టాడు. భర్త మాత్రం ఇక్కడ సొంతింట్లోనే ఉన్నాడు. అబ్బాయి గది అలాగే ఉంది. ఇన్సూరెన్సులో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. పన్ను రిటర్నులు భార్యాభర్తలు కలిసి, రెసిడెంట్లుగానే వేస్తూ వచ్చారు. ఇవన్నీ తర్వాత పనికొచ్చాయి.

ప్రతి వేసవి సెలవుల్లో తల్లీ పిల్లలూ వచ్చి కొన్ని వారాలు ఉండి వెళ్లేవారు. ఏడాది దాటకుండా ఒకసారి అడుగు పెడితే కార్డు నిలబడుతుందని వాళ్ల నమ్మకం. నిజానికి గ్రీన్ కార్డు గడువు దాటకుండా రీఛార్జ్ చేసుకునే సిమ్ కార్డు లాంటిది కాదు. వరుసగా 180 రోజులు దాటి బయట ఉండి వస్తే ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని కొత్తగా ప్రవేశం కోరుతున్న మనిషిగా చూసే అధికారం అధికారికి ఉంటుంది. ఏడాది దాటితే ఆ కార్డు ప్రయాణపత్రంగానే పనికిరాదు. ఆ లోపు వచ్చినా ఇల్లూ వాకిలీ ఎక్కడున్నాయి, ఏ పని మీద వెళ్లారు, ఎప్పుడు తిరిగి రావాలనుకున్నారు అన్న ప్రశ్నలు ఉంటాయి. వరుసగా మూడేళ్లు పది పదకొండు నెలలు అక్కడ, నాలుగైదు వారాలు ఇక్కడ గడిపిన మనిషి తాత్కాలికంగా ఎటు వెళ్లినట్టు?

దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి

నా దగ్గరికి వచ్చేలోపు రెండు ప్రయత్నాలు విఫలమయ్యాయి.

మొదటిది రీఎంట్రీ పర్మిట్, అంటే ఎక్కువ కాలం బయట ఉండబోయే గ్రీన్ కార్డుదారులు తిరిగి రావడానికి ముందే తీసుకునే పత్రం. రెండో వేసవిలో తల్లి దానికోసం ఐ-131 దరఖాస్తు వేసింది. అమెరికాలో ఉండగానే వేయాలన్న నియమం పాటించింది కానీ, వేలిముద్రల పిలుపు రాకముందే విమానం ఎక్కేసింది. స్కూళ్లు తెరుస్తున్నారని తొందర. పిలుపు వచ్చిన రోజుకు ఆమె ఇక్కడ లేదు, మళ్లీ వచ్చి ఇవ్వడం కుదరలేదు, దరఖాస్తు తిరస్కరణ అయింది. ఇంకో రెండు మూడు వారాలు ఆగి వేలిముద్రలు ఇచ్చి వెళ్లి ఉంటే, పర్మిట్ రెండేళ్ల దాకా పనిచేసేది. ఆ కేసు తీరే వేరుగా ఉండేది.

రెండోది అబ్బాయి పాస్‌పోర్ట్. జనవరిలో తండ్రి సిటిజన్‌గా ప్రమాణం చేశాడు. అబ్బాయికి అప్పుడే పదహారు నిండాయి, ఇండియాలో ఉన్నాడు. వేసవికి తండ్రి వెళ్లి పిల్లలిద్దర్నీ తీసుకొచ్చాడు. అత్తగారు మంచం మీంచి పడి తుంటి ఎముక విరగడంతో తల్లి ఆగిపోయింది, అలా ఆమె గైర్హాజరు ఏడాది దాటింది. ఆ నాలుగు వారాల్లోనే తండ్రి తన నేచురలైజేషన్ (పౌరసత్వం పొందిన) సర్టిఫికెట్, అబ్బాయి గ్రీన్ కార్డు, బర్త్ సర్టిఫికెట్ జతచేసి అమెరికా పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు చేశాడు. అబ్బాయి జూన్‌లో తిరిగి వెళ్లిపోయాడు. తర్వాత ఒక ఉత్తరం వచ్చింది: పిల్లవాడు అమెరికాలో మీ దగ్గర నివసిస్తున్నట్టు రుజువులు పంపండి అని. వాళ్ల దగ్గర ఉన్నవి ఇండియా కాలేజీ బోనఫైడ్, మార్కుల మెమోలు. అవే పంపారు. దరఖాస్తు తిరస్కరించారు.

అక్టోబర్‌లో తండ్రి నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "మేడమ్, నేను సిటిజన్ అయిన రోజే మావాడూ ఆటోమేటిక్‌గా అయిపోతాడని అందరూ చెప్పారు. మరి వీళ్లెందుకు కాదంటున్నారు?" అబ్బాయికి పద్దెనిమిది నిండడానికి పద్నాలుగు నెలలుంది.

ఆటోమేటిక్ అన్న మాట ఎంతవరకు నిజం

2000లో వచ్చి 2001 ఫిబ్రవరి 27 నుంచి అమలవుతున్న చైల్డ్ సిటిజన్‌షిప్ యాక్ట్ వల్ల పిల్లలకు పౌరసత్వం తనంతట తానే వస్తుందన్నది నిజం. అయితే షరతులన్నీ ఒకే సమయంలో కూడాలి. తల్లిదండ్రుల్లో ఒకరు సిటిజన్ అయి ఉండాలి. పిల్లవాడికి పద్దెనిమిది నిండకూడదు. గ్రీన్ కార్డు హోదా ఉండాలి. అమెరికాలో, సిటిజన్ అయిన తల్లి లేదా తండ్రి లీగల్, ఫిజికల్ కస్టడీలో (చట్టప్రకారమూ, నిజంగానూ వాళ్ల సంరక్షణలో) నివసిస్తూ ఉండాలి. మొదటి మూడూ అందరికీ తెలుసు. మనవాళ్లు తడబడేది ఆఖరి దాని దగ్గరే.

ఇక్కడ నివాసం అంటే చట్టం చెప్పే అర్థం చాలా కటువైనది: మనిషి నిజంగా ఉంటున్న ప్రధాన స్థలం. ఎక్కడ ఉండాలనుకుంటున్నాడన్న ఉద్దేశంతో పనిలేదని ఆ నిర్వచనంలోనే ఉంది. గ్రీన్ కార్డు నిలబడిందా లేదా అనేదానికి దీనికి ఎదురు కొలత. అక్కడ ఉద్దేశానిదే పెద్ద పీట: వెళ్లింది తాత్కాలికంగానా, తిరిగి వచ్చి ఉండాలన్న ఆలోచన వదలకుండా ఉన్నారా అని చూస్తారు. అందుకే ఇండియాలో ఉంటూ కూడా ఒక మనిషి గ్రీన్ కార్డు కాపాడుకునే వీలుంది. ఇండియాలో నివసిస్తూ ఒక అబ్బాయి ఈ సెక్షన్ కింద సిటిజన్ అయ్యే వీలు లేదు.

తండ్రికి ఇదే చెప్పాను. ఆయన ప్రమాణం చేసిన రోజు అబ్బాయి ఉంటున్నది నానమ్మ ఇంట్లో. వేసవిలో వచ్చిన నాలుగు వారాలు సెలవులు. కాబట్టి తిరస్కరణ తప్పు కాదు, అప్పీలు చేసి లాభం లేదు. మంచి వార్త ఏమిటంటే, షరతులు ఆ రోజు కూడలేదంతే. పద్దెనిమిది నిండేలోపు ఏ రోజు కూడినా ఆ రోజే పౌరసత్వం వస్తుంది.

ఎంచుకోవలసిన దారులు

తండ్రి మనసు ఎన్-600కె వైపు ఉంది. పిల్లవాడు విదేశంలోనే నివసిస్తున్నప్పుడు 322వ సెక్షన్ కింద వేసే దరఖాస్తు అది. సిటిజన్ తండ్రి అంతకుముందు అమెరికాలో కనీసం ఐదేళ్లు, అందులో రెండేళ్లు పద్నాలుగు నిండాక, శారీరకంగా ఉండి ఉండాలి. హెచ్-1బి మీద గడిపిన కాలం కూడా లెక్కే కాబట్టి ఆ షరతు తేలికగా తీరుతుంది. ఈ దారిలో అబ్బాయి ఇంటర్ ఆపక్కర్లేదు, ఒకసారి వచ్చి ఇంటర్వ్యూ, ప్రమాణం చేసి వెళ్తే చాలు. వినడానికి ఎంతో హాయిగా ఉంది.

నేను వద్దన్నది మూడు కారణాలతో. మొదటిది గడువు. ఎన్-600కె వేస్తే సరిపోదు, మంజూరై, ప్రమాణం కూడా పద్దెనిమిది నిండేలోపే ముగియాలి. ఫైలు ఎప్పుడు కదులుతుందో మన చేతిలో ఉండదు, ఒక్క రోజు ఆలస్యమైనా మొత్తం పోతుంది. ఆటోమేటిక్‌గా పౌరసత్వం వచ్చే 320వ సెక్షన్‌లో అలా కాదు. షరతులు పద్దెనిమిదిలోపు కూడితే చాలు, రుజువు కాగితం తర్వాత ఎప్పుడు వచ్చినా ఫర్వాలేదు. రెండోది కస్టడీ. పిల్లవాడు విదేశంలో, దరఖాస్తు చేసే సిటిజన్ తండ్రి లీగల్, ఫిజికల్ కస్టడీలో ఉండాలంటుంది ఆ సెక్షన్. ఇక్కడ తండ్రి అమెరికాలో, కొడుకు తల్లి దగ్గర ఇండియాలో. వాదించవచ్చు కానీ, వాదన మీద ఆధారపడే వ్యవధి మనకు లేదు.

మూడోది నన్ను బాగా ఆలోచింపజేసింది. ఎన్-600కె వేయడమంటే మా అబ్బాయి నివాసం ఇండియాలోనే అని సంతకం పెట్టి ఇవ్వడం. అది మంజూరు కాకపోతే, అబ్బాయికి మిగిలేది గ్రీన్ కార్డు ఒక్కటే. ఆ కార్డును ప్రశ్నించే అధికారి ముందు ఈ కాగితమే సాక్ష్యం అవుతుంది. పడిపోతే పట్టుకోవలసిన తాడును ముందే కోసుకున్నట్టవుతుంది.

ఇంకో దారి కూడా బల్ల మీద పెట్టాను. అబ్బాయి గ్రీన్ కార్డు పోయిందనే అనుకుని, తండ్రి సిటిజన్‌గా ఐ-130 అనే కుటుంబ పిటిషన్ వేసి, కొత్త ఇమ్మిగ్రెంట్ వీసా మీద తీసుకురావడం. సిటిజన్ల భార్య లేదా భర్తకు, ఇరవై ఒకటి నిండని పెళ్లికాని పిల్లలకు కోటా క్యూ లేదు. పద్దెనిమిదిలోపు ఆ వీసా మీద వచ్చి తండ్రి దగ్గర ఉంటే పౌరసత్వం అలాగూ వస్తుంది. దారి గట్టిదే, కానీ పద్నాలుగు నెలల్లో పిటిషన్, తర్వాత నేషనల్ వీసా సెంటర్, ముంబై కాన్సులేట్ ఇంటర్వ్యూ అన్నీ అయిపోతాయని నేను మాట ఇవ్వలేను. ఆ వీసా మీద పద్దెనిమిది నిండాక దిగితే గ్రీన్ కార్డు వస్తుంది, ఆటోమేటిక్ పౌరసత్వం రాదు. దీన్ని చివరి ఆధారంగా పక్కన ఉంచాం.

మిగిలింది ఒక్కటే. అబ్బాయి నిజంగా తిరిగి వచ్చి తండ్రితో కాపురం ఉండాలి. జూన్‌లో వెళ్లాడు కాబట్టి, డిసెంబర్‌లో 180 రోజులు దాటకముందే రావాలి. గ్రీన్ కార్డు ఇంకా చెల్లుతుంది, ప్రశ్నలూ తగ్గుతాయి, జనవరిలో కొత్త సెమిస్టర్ మొదలయ్యే సమయానికి స్కూల్లో చేరవచ్చు.

అబ్బాయితో మాట్లాడటం

ఇక్కడ నేను పట్టుబట్టిన విషయం ఒకటుంది: అబ్బాయితో నేరుగా మాట్లాడతానన్నాను. పెద్దవాళ్లు ఒప్పుకోవడానికి కాస్త సంకోచించారు. ఇంటర్ మధ్యలో ఆపడమంటే వాడికి చాలా పెద్ద మాట. పైగా ఈ పౌరసత్వం అడిగి వచ్చేది కాదు. షరతులు కూడిన క్షణాన సంతకం లేకుండా వచ్చేస్తుంది. వచ్చాక ఇండియా పౌరుడిగా ఉండటం కుదరదు, మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు కానీ, 2021 మార్చి 4న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ లాంటి పరీక్షల ద్వారా జరిగే ప్రవేశాల్లో ఓసీఐ విద్యార్థులు ఎన్నారైలకు సమానం. భారత పౌరులకే కేటాయించిన సీట్లకు అర్హత ఉండదు. జేఈఈ కోసం పొద్దున్నే లేచి చదువుతున్న కుర్రాడికి ఈ సంగతి తర్వాత తెలియడం అన్యాయం.

వాడు అన్నీ విని ఒక్కటే అడిగాడు: "నానమ్మని చూడ్డానికి రావొచ్చు కదా ఆంటీ?" రావచ్చన్నాను. ఓసీఐతో ఎన్నిసార్లైనా, ఎన్నాళ్లైనా. రెండు రోజులు ఆలోచించుకుని వస్తానన్నాడు. తల్లి మాత్రం చాలా టెన్షన్ పడింది. "ఇంకో ఏడాదిన్నర ఆగితే ఇంటర్ అయిపోయేది కదండీ, అత్తయ్యని వదిలి నేనూ రాలేను, వాడొక్కడే ఎలా ఉంటాడు?" అంది. ఆ ఏడాదిన్నరలో పుట్టినరోజు దాటిపోతుంది. ఇరవై ఒకటిలోపు ఐ-130 మార్గం ఉంటుంది కానీ, సిటిజన్‌షిప్ కోసం మళ్లీ ఏళ్లు ఆగి వాడే సొంతంగా ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) వేసుకోవాలి. రెండు వైపులా నష్టం ఏమిటో రాసిచ్చాను. నిర్ణయం వాళ్లది.

విమానం నుంచి స్కూలు దాకా

తండ్రి స్వయంగా వెళ్లి డిసెంబర్ మొదట్లో అబ్బాయిని తీసుకొచ్చాడు. అబ్బాయికి వన్-వే టికెట్. చేతి సంచిలో ఇంటి కాగితాలు, పన్ను రిటర్నులు, స్కూలు ఇచ్చిన అడ్మిషన్ ఉత్తరం, నానమ్మ ఆసుపత్రి రికార్డులు. అధికారి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను: నానమ్మకు జబ్బు, అమ్మ చూసుకుంటోంది, నేను నాన్న దగ్గర ఉండి చదువుకోవడానికి తిరిగి వస్తున్నాను. ఎవరైనా గ్రీన్ కార్డు వదులుకునే ఐ-407 ఫారం మీద సంతకం పెట్టమంటే పెట్టనక్కర్లేదనీ, గ్రీన్ కార్డు వదులుకున్నారో లేదో తేల్చేది ఇమ్మిగ్రేషన్ జడ్జి అని మర్యాదగా చెప్పవచ్చనీ ఇద్దరికీ వివరించాను. కొన్ని ప్రశ్నలు అడిగి పంపేశారు.

వచ్చిన మర్నాడే పాస్‌పోర్ట్‌కు మళ్లీ వేద్దామన్నాడు తండ్రి. చట్టం ప్రకారం ఇన్ని నెలలు ఉండాలన్న కనీస గడువు లేదు, ఆ మాట నిజం. కానీ నివాసం అనేది వాస్తవం. వాస్తవానికి ఆనవాళ్లు కావాలి. ఒకసారి తిరస్కరించిన ఫైలు ఉంది. నాలుగు రోజుల ఉనికితో రెండోసారి వేస్తే, పోయిన వేసవికీ దీనికీ తేడా ఏమిటని ఎవరైనా అడుగుతారు. సెమిస్టర్ పూర్తయ్యేదాకా ఆగుదామన్నాను. గడువు గురించి భయం అక్కర్లేదు. పౌరసత్వం వచ్చేది కాగితం వచ్చినప్పుడు కాదు.

ఆ నెలల్లో కాగితాలు వాటంతటవే పోగయ్యాయి. కౌన్సిలర్ మెమోలు చూసి పదకొండో గ్రేడ్‌లో చేర్చుకున్నారు. హాజరు, గ్రేడ్లు, టీకాల రికార్డు, డెంటిస్ట్ బిల్లు, తండ్రితో కలిసి తెరిచిన బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లెర్నర్ పర్మిట్. స్కూలు ఫారాల్లో పౌరసత్వం అన్నచోట పర్మనెంట్ రెసిడెంట్ (గ్రీన్ కార్డుదారుడు) అనే రాయమన్నాను. చేతిలో రుజువు లేకుండా సిటిజన్ అని రాసుకోవడం చాలా ప్రమాదకరం. తప్పని తేలితే ఇమ్మిగ్రేషన్ చట్టంలో అంత తేలిగ్గా క్షమాపణ దొరకని విషయాల్లో అదొకటి.

కస్టడీ విషయంలో మాత్రం శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది. తల్లిదండ్రులిద్దరితో కలిసి ఉంటున్న పిల్లల విషయంలో లీగల్ కస్టడీ ఉందనే భావిస్తారు. ఇక్కడ తల్లి వేరే దేశంలో ఉంది. విడిపోయారేమో, కస్టడీ ఆమెదేమో అన్న సందేహం రావచ్చు. తల్లి నోటరీ చేసిన అఫిడవిట్ ఇచ్చింది: మేము విడిపోలేదు, మా మధ్య కోర్టు వ్యవహారం లేదు, అబ్బాయి తండ్రి దగ్గర ఉంటున్నాడు, నేను అత్తగారి అనారోగ్యం వల్ల ఇక్కడ ఆగాను. ప్రతి వాక్యం నిజం, ఒక్కటీ అనవసరం కాదు.

బర్త్ సర్టిఫికెట్‌ది మన ఇళ్లలో మామూలుగా ఉండే గొడవ. మున్సిపాలిటీలో నమోదైనప్పుడు బాబు పేరు రాయించలేదు, తండ్రి ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది. పేరు చేర్పించి కొత్త సర్టిఫికెట్ తీసుకున్నారు. పదో తరగతి మెమో, తండ్రి పాత పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉన్న పేజీ జత చేశాం.

వేసవి మొదట్లో దరఖాస్తు పెట్టాం. ఈసారి ప్రశ్నలేమీ రాలేదు. పదిహేడేళ్ల కుర్రాడి చేతికి అమెరికా పాస్‌పోర్ట్ వచ్చింది.

తల్లి విషయం ఎందుకు వెనక్కి పెట్టాం

మొదటి రోజు నుంచీ భర్త ఎస్‌బి-1 వీసా గురించి అడుగుతూనే ఉన్నాడు. ఏడాది దాటి బయట ఉండిపోయిన గ్రీన్ కార్డుదారులు తిరిగి రావడానికి కాన్సులేట్‌లో డిఎస్-117 ఫారంతో అడిగేది అది. మూడు విషయాలు చూపాలి: వెళ్లేటప్పుడు గ్రీన్ కార్డు హోదా ఉంది, తిరిగి రావాలన్న ఉద్దేశం ఎప్పుడూ వదల్లేదు, ఆలస్యం తన చేతిలో లేని కారణంతో జరిగింది. తుంటి ఎముక విరిగిన సంగతితో చివరి ఏడాదికి జవాబు ఉంది. అంతకుముందు మూడేళ్లకు? పిల్లల్ని అక్కడి స్కూళ్లలో చేర్పించి, ఏటా నెల రోజులకు మాత్రం వచ్చి వెళ్లిన మనిషిది తాత్కాలిక ప్రయాణమని నమ్మించడం కష్టం. నాకు ఆ దరఖాస్తు మీద నమ్మకం కలగలేదు.

నమ్మకం లేకపోవడం ఒక్కటే కాదు. మైనర్ పిల్లల గ్రీన్ కార్డు విషయంలో, వాళ్లను తన దగ్గర పెట్టుకున్న తల్లి లేదా తండ్రి ఉద్దేశాన్నే పిల్లల ఉద్దేశంగా చూస్తారు. తల్లి తన నివాసాన్ని వదులుకున్నట్టు రికార్డులోకి ఎక్కితే, అదే కాలంలో ఆమె దగ్గరున్న కొడుకుకూ అది అంటుకునే ప్రమాదం ఉంది. దానికి మా జవాబు సిద్ధంగానే ఉంది: తండ్రి ఎన్నడూ వెళ్లలేదు, ఇల్లు ఇక్కడే ఉంది, కొడుకు మీద ఆయన అధికారం ఎప్పుడూ పోలేదు. జవాబు ఉంది కదా అని ఆ ప్రశ్నను మనమే ముందుకు తెచ్చుకోవడం ఎందుకు? అందుకే తల్లి తరఫున ఎస్‌బి-1 గానీ, ఐ-130 గానీ, గ్రీన్ కార్డు వదులుకునే ఐ-407 గానీ కొడుకు పాస్‌పోర్ట్ వచ్చేదాకా వేయవద్దన్నాను. ఏ అబద్ధమూ ఆడలేదు, దేన్నీ దాచలేదు. వరుస మాత్రం మేం నిర్ణయించుకున్నాం.

ఈ వరుసకు ధర ఉంది. భార్యాభర్తలు ఇంకో సంవత్సరానికి పైగా దూరంగా ఉండాలి. అది వాళ్లకు స్పష్టంగా చెప్పి, ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లాం. అత్తగారు కోలుకునేదాకా ఆమె ఎలాగూ కదిలే స్థితిలో లేకపోవడం వల్లే ఇది కుదిరింది. ఆమె వెంటనే రావలసిన పరిస్థితి ఉంటే నా సలహా వేరేగా ఉండేదేమో.

పాస్‌పోర్ట్ వచ్చిన వారంలోనే భర్త ఐ-130 వేశాడు. ఎస్‌బి-1 జోలికి పోలేదు. మంజూరయ్యాక ఆమె సమయం చూసుకుని ఐ-407 సంతకం చేసింది, భర్త ఆర్థిక హామీ ఫారం ఇచ్చాడు, ముంబైలో ఇంటర్వ్యూ జరిగింది. కొత్త ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చింది. పాత గ్రీన్ కార్డు ఏళ్లు పోయాయని ఆమె బాధపడింది, అది సహజమే. సిటిజన్ భర్తతో కాపురం ఉంటూ మూడేళ్లు గడిస్తే ఆమె నేచురలైజేషన్‌కు అర్హురాలవుతుంది. ఆ మూడేళ్లలో సగం కాలమైనా శారీరకంగా అమెరికాలో ఉండాలి. ఎవరో ఒక బంధువు గ్రీన్ కార్డు వదిలేసి విజిటర్ వీసా తీసుకోమన్నారట. చుట్టపుచూపుగా వచ్చిపోయే తల్లిదండ్రులకు అది సరైన సలహానే. ఇక్కడ కాపురం చేయాల్సిన మనిషికి కాదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్న పద్ధతి

ఇలాంటి కుటుంబం వస్తే గ్రీన్ కార్డులు, ఫారాలు చూడకముందే ఒక పట్టిక రాయిస్తున్నాను. ఇంట్లో ప్రతి మనిషీ గత ఐదేళ్లలో ఏ నెల ఏ దేశంలో నిద్రపోయారు, ఎందుకు అక్కడ ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో వరుస. ఇది ముందు ఉంటే, ఏ ఫారంలో ఏ వాక్యం ఇంట్లో ఇంకొకరి ఫారంతో ఢీకొంటుందో కనిపిస్తుంది. భార్యకు ఒక ఏజెంటు, కొడుక్కి ఒక స్నేహితుడు, భర్తకు ఒక లాయరు సలహా ఇచ్చే ఇళ్లలో ఈ ఢీకొట్టడం తప్పకుండా జరుగుతుంది.

తండ్రులకు నేను చెప్పేది ఇంకొకటి ఉంది. సిటిజన్‌షిప్ ప్రమాణానికి పిలుపు రావడానికి ముందే పిల్లలు ఎక్కడ ఉన్నారో చూసుకోండి. వాళ్లు ఇక్కడ మీతోనే ఉంటున్నవాళ్లైతే ఆ రోజే వాళ్ల పని కూడా అయిపోతుంది. ఇండియాలో ఉంటే, పద్దెనిమిదో పుట్టినరోజు నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టండి. నా దగ్గరికి పద్నాలుగు నెలలు మిగిలి ఉండగా వచ్చారు కాబట్టి దారి దొరికింది. రెండు నెలలుంటే చదువు సగంలో ఆపించి అదే పని చేయించేదాన్ని, కానీ అబ్బాయితో అంత తీరిగ్గా మాట్లాడే అవకాశం ఉండేది కాదు.

పాస్‌పోర్ట్ వచ్చాక సర్టిఫికెట్ ఆఫ్ సిటిజన్‌షిప్ కోసం వేసే ఎన్-600 ఎందుకు, అది తప్పనిసరి కాదు కదా అని అడుగుతారు. తప్పనిసరి కాదు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఫీజుల ప్రకారం కాగితం మీద వేస్తే 1,385 డాలర్లు, ఆన్‌లైన్‌లో 1,335. తక్కువేం కాదు. అయినా ఈ అబ్బాయి చేత వేయించాను. పాస్‌పోర్ట్‌కు గడువు ఉంటుంది, సర్టిఫికెట్ ఆఫ్ సిటిజన్‌షిప్‌కు ఉండదు. పైగా పాస్‌పోర్ట్ ఇచ్చే శాఖ వేరు, ఇమ్మిగ్రేషన్ రికార్డులు ఉంచే శాఖ వేరు. రెండో చోట అబ్బాయి ఇంకా గ్రీన్ కార్డుదారుడిగానే కనిపిస్తుంటాడు. ఒకసారి తిరస్కరణ ఉన్న ఫైలు కాబట్టి, స్కూలు రికార్డులూ తల్లి అఫిడవిట్టూ తాజాగా ఉన్నప్పుడే తేల్చుకోవడం మంచిదనిపించింది. ఇరవై ఏళ్ల తర్వాత పదకొండో గ్రేడ్ హాజరు పట్టీ ఎక్కడ వెతుకుతారు? సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో కూడా హోదా మార్పించారు.

ఇండియా పాస్‌పోర్టును మళ్లీ వాడకుండా సరెండర్ చేయించి, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐకి వేశారు. నానమ్మ దగ్గరికి వెళ్లాలన్న తొందరలో పాత పాస్‌పోర్ట్ మీద ఒక్కసారి వెళ్లొస్తే ఏమవుతుందని అడిగారు. వద్దని గట్టిగా చెప్పాను. విదేశీ పౌరసత్వం వచ్చాక భారత పాస్‌పోర్ట్ వాడటం నేరం, జరిమానా కూడా ఉంటుంది. ఓసీఐ వచ్చేదాకా తొందరైతే వీసా తీసుకుని వెళ్లవచ్చు.

తల్లి ఈ మధ్య మళ్లీ అత్తగారి దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. ఈసారి ఐ-131 వేసి, వేలిముద్రలు ఇచ్చాకే టికెట్ కొన్నారు. పర్మిట్ ఉంటే ఏడాది దాటినా తిరిగి రావడానికి చెల్లే పత్రం చేతిలో ఉన్నట్టే. అయితే నేచురలైజేషన్ లెక్కలో వరుస నివాసాన్ని అది కాపాడదు కాబట్టి, ఎంత వీలైతే అంత ఆరు నెలలలోపే తిరిగి రమ్మని ఆమెకు చెప్పి పంపాను.